పచ్చ లైటు వెలిగిందని బ్యాటరీ నిండినట్టు కాదు

సోలార్ పెట్టుకున్నవాళ్లు నాతో మాట్లాడితే చివరికి ఒక మాట దగ్గరికి వస్తారు. "మాది పదకొండింటికల్లా ఫుల్ అయిపోతుందండీ, పచ్చ లైటు వచ్చేస్తుంది." ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. నేనూ అలాగే నమ్మి ఒక మంచి బ్యాటరీని ఏడాదిన్నరలో పోగొట్టుకున్నాను.

రోజూ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపు చేసే పెట్టె) మీద పచ్చ లైటు చూసి నిశ్చింతగా ఉండేవాణ్ణి. కొన్నాళ్లకి రాత్రి బ్యాకప్ తగ్గుతూ వచ్చింది. బ్యాటరీయే నాసిరకం అనుకున్నాను. ఒకరోజు హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం, అంటే గ్రావిటీ, కొలిచే సాధనం) తెచ్చి మూతలు తీసి చూస్తే ఆరు సెల్స్‌లో ఒక్కటి కూడా 1.220 దాటలేదు. నిండిన బ్యాటరీలో అది 1.265 దగ్గర ఉండాలి. అంటే నేను ఫుల్ అనుకున్న బ్యాటరీలో ముప్పావు వంతు కూడా లేదు. నెలల తరబడి దాన్ని అర్ధాకలితో ఉంచాను. ఆకలితో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. అలా గట్టిపడ్డాక మామూలు ఛార్జింగ్‌తో కరగదు.

అసలు తప్పు ఎక్కడుందంటే, ఛార్జ్ అవుతున్నప్పుడు మీటర్ చూపించే వోల్టేజ్‌ని మనం బ్యాటరీ నిండుదనం అనుకుంటాం. అది బ్యాటరీ ఒక్కదాని సంగతి కాదు, దానిలోకి నెడుతున్న కరెంటు సంగతి కూడా. 12 వోల్టుల బ్యాటరీ 14.4 దగ్గరికి వచ్చిందంటే సుమారు 80 శాతం దగ్గర ఉందని అర్థం. బాగా ఎక్కువ కరెంటుతో తోస్తే అంతకంటే ముందే 14.4 చూపిస్తుంది. మిగిలిన 20 శాతమే అసలు పని. మొదటి 80 ఎంత వేగంగా ఎక్కినా, ఈ చివరి భాగానికి నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ సమయమంతా కంట్రోలర్ వోల్టేజ్‌ని అక్కడే పట్టి ఉంచాలి. దీన్నే అబ్సార్ప్షన్ అంటారు.

ఈ దశలో చూడాల్సింది కరెంటుని. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ మొదట్లో 12 ఆంప్స్ తీసుకుంటోందనుకోండి. 14.4 దగ్గర నిలిపి ఉంచితే అది 8కి, 5కి, 3కి దిగుతూ, చివరికి 1, 2 ఆంప్స్ దగ్గర ఆగిపోతుంది. ఇంకో గంట చూసినా కదలదు. అప్పుడు బ్యాటరీ నిండినట్టు. మోటుగా చెప్పాలంటే కెపాసిటీలో 1 నుంచి 2 శాతం. వోల్టేజ్ పైన నిలబడి ఉండాలి, కరెంటు కిందికి దిగి ఆగిపోవాలి. రెండూ ఒకేసారి జరగాలి.

మెయిన్స్ ఛార్జర్ వాడేవాళ్లకి ఇంతటితో సరిపోతుంది. సోలార్‌లో ఇంకో చిక్కుంది, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. సాయంత్రం నాలుగింటికి కరెంటు 2 ఆంప్స్‌కి పడిపోయింది. బ్యాటరీ కడుపు నిండి వద్దంటోందా, లేక ఎండే తగ్గిపోయిందా? మబ్బు పట్టినా, పక్కనున్న చెట్టు నీడ ప్యానెల్ మీద పడినా అంకె అలాగే కనిపిస్తుంది. తేడా తెలియాలంటే అదే క్షణంలో వోల్టేజ్ చూడాలి. కరెంటు తగ్గినా 14.4 కదలకుండా ఉంటే, వద్దంటున్నది బ్యాటరీ. వోల్టేజ్ కూడా 13.6కో 13.2కో జారిందంటే ఎండ చాలడం లేదు, బ్యాటరీ ఇంకా ఆకలిగానే ఉంది. అందుకే ఈ పరీక్ష మంచి ఎండ ఉన్నప్పుడే చేయాలని పదే పదే చెప్తాను. ఒకటి గుర్తుంచుకోండి, కంట్రోలర్ ముందే ఫ్లోట్‌కి, అంటే నిండిన బ్యాటరీని తక్కువ వోల్టేజ్‌తో నిలబెట్టే దశకి, దిగిపోయినా వోల్టేజ్ 13.6 దగ్గరే కనిపిస్తుంది. ఏ దశలో ఉందో కూడా చూసుకోండి.

ఇంకొకటి, కంట్రోలర్ డిస్‌ప్లే మీద కనిపించే కరెంటంతా బ్యాటరీలోకే వెళ్తోందనుకోకండి. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, ఫ్రిజ్ నడుస్తుంటే అందులో సగం అటే పోతుంది. బ్యాటరీ టర్మినల్‌కి వెళ్లే తీగ మీదే కొలవాలి. దానికి డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి, ఏసీ మాత్రమే చూపించేవి ఇక్కడ పనికిరావు.

మరి ఆ పచ్చ లైటు ఏం చెప్తుంది? చాలా కంట్రోలర్లలో అది ఒక టైమర్ అయిపోయిందని చెప్తుంది, అంతే. అబ్సార్ప్షన్ వోల్టేజ్ చేరాక రెండు గంటలు లెక్కపెట్టి ఫ్లోట్‌కి, అంటే 13.5, 13.8 మధ్యకి దించేస్తుంది. రాత్రి బ్యాటరీని సగం వాడేశారా, పావు వాడారా అన్నది ఆ టైమర్‌కి తెలియదు. ఫ్లోట్ నిండినదాన్ని నిలబెట్టడానికే గానీ, నిండనిదాన్ని నింపడానికి కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి మండే ఎండ ఉండగా కంట్రోలర్ కాళ్లు చాపుకుని కూర్చుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. మీ కంట్రోలర్‌లో అబ్సార్ప్షన్ టైమ్ మార్చే సెట్టింగ్ ఉంటే దయచేసి పెంచండి. బ్యాటరీ ఎంత శాతం నిండిందో చూపించే కంట్రోలర్లలో చాలావరకు వోల్టేజ్‌ని చూసి ఊహించి చెప్పేవే.

"పొద్దున్నే వోల్టేజ్ చూస్తే సరిపోదా" అని అడుగుతారు. సరిపోతుంది, కానీ ప్యానెల్, లోడ్ రెండూ తీసేసి కొన్ని గంటలు వదిలేశాక చూడాలి. అప్పుడు 12.6, 12.7 ఉంటే నిండినట్టు, 12.2 దగ్గర ఉంటే సగం. నిండుకీ సగానికీ మధ్య ఉన్నది అర వోల్టు మాత్రమే! మీటర్‌లో 0.2 తప్పుందంటే ఆ అంకెని నమ్మలేం. పైగా రాత్రంతా లోడ్ నడిచే ఇంట్లో బ్యాటరీకి అంత విశ్రాంతి దొరికేదెక్కడ?

నీళ్లు పోసే బ్యాటరీ అయితే నా దృష్టిలో చివరి తీర్పు హైడ్రోమీటర్‌దే. వరుసగా మూడు గంటలు గంటకోసారి చూసినా గ్రావిటీ పెరగకపోతే ఇంక నింపడానికి ఏమీ లేదు. కొన్ని బ్యాటరీలు 1.280 దాకా వెళ్తాయి, తయారీదారు ఇచ్చిన అంకె చూసుకోండి. నీళ్లు పోసిన వెంటనే కొలవకండి, పైన పలచగా ఉండి తప్పు చూపిస్తుంది. ఛార్జింగ్ మొదట్లో కూడా అంతే, ప్లేట్ల నుంచి వచ్చే చిక్కటి యాసిడ్ అడుక్కి దిగిపోతుంది. చివర్లో బుడగలు వచ్చి కలిపితే గానీ పై రీడింగ్ నిజం చెప్పదు. ఏదైనా ఒక సెల్ మిగతావాటికంటే 0.050 తక్కువ ఉంటే దాని మీద కన్నేయండి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. వచ్చేది హైడ్రోజన్.

ఓవర్‌ఛార్జ్ అవుతుందేమోనని భయపడేవాళ్లున్నారు. సీల్డ్, జెల్ బ్యాటరీల విషయంలో ఆ భయం న్యాయమే. వాటికి తయారీదారు చెప్పిన వోల్టేజ్ దాటకూడదు. వేడి ఎక్కువైతే ఏ లెడ్ యాసిడ్ బ్యాటరీకైనా ఛార్జింగ్ వోల్టేజ్ తగ్గించాలి, 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.02 నుంచి 0.03 వోల్టులు. కానీ నీళ్లు పోసే బ్యాటరీ చివర్లో కాసేపు బుడగలు తీస్తే టెన్షన్ పడకండి. పోయిన నీళ్లని డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ పోయగలం, గట్టిపడిన ప్లేట్‌ని తిరిగి తేలేం.

పాతబడ్డ బ్యాటరీ చేసే మోసం కూడా చెప్పాలి. సల్ఫేషన్ పట్టినది, అంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడినది, ఎండెక్కగానే చటుక్కున 14.4కి వెళ్లిపోతుంది, కరెంటూ వెంటనే తగ్గిపోతుంది. అన్ని లక్షణాలూ నిండినవే. కానీ నిండిన చెంబు చిన్నదైపోయింది. నాది పోయే ముందు "ఇప్పుడు ఇంకా త్వరగా ఫుల్ అవుతోంది" అని నేను సంతోషపడ్డాను. త్వరగా నిండి త్వరగా ఖాళీ అవుతుంటే తెలిసిన లోడ్ పెట్టి ఎన్ని గంటలు లాగుతుందో కొలవండి.

ఇప్పుడున్న బ్యాటరీకి నెలకోసారి, ఎండ బాగున్న రోజు చూసి, పొద్దున్నుంచీ లోడ్ తగ్గించి, టైమ్, వోల్టేజ్, కరెంటు నోట్‌బుక్‌లో రాస్తున్నాను. నిన్న మూడింటికి 14.5 దగ్గర 1.4 ఆంప్స్. నాలుగింటికీ అదే 1.4. ఆరు సెల్సూ 1.265, 1.270 మధ్య. అప్పటికి ప్యానెల్ మీద ఎండ ఇంకా నిండుగానే ఉంది.