రైతు ఎన్‌పీసీ, బలం మైనస్ రెండు

మా అక్క కొడుకు సంక్రాంతికి బెంగళూరు నుంచి వస్తూ దత్త మండలాలను, అంటే మా సీమను, ఆటగా చేసి ఒక అట్టపెట్టెలో పెట్టుకొచ్చాడు. 1800లో నిజాం నవాబు సైన్యం ఖర్చు కింద ఈ నేలను ఈస్టిండియా కుంపిణీకి రాసిచ్చినప్పుడు కూడా మమ్మల్నెవరూ ఒక మాట అడగలేదు. కాబట్టి రెండోసారి చేతులు మారినందుకు నేను నొచ్చుకోవడం న్యాయం కాదు.

పెట్టెలో ఒక పటం, ఇరవై ముఖాల పాచిక, చీటీల కట్ట, ఒక్కో వేషానికి బలం ఎంత, తెలివి ఎంత, ఆకర్షణ ఎంత అని అంకెలు వేసిన కాగితాలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట చేశారు. ఇది దాని సంతానం. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు వేషాలు కడతారు, కత్తి దిగిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. వీధిభాగోతానికి జూదం కలిపినట్టు. నాకేం అభ్యంతరం లేదు, రాత్రంతా కూర్చుంటాను. కానీ మావాడికి ‘నిజమైన చరిత్ర’ కావాలట. దొరికిన చరిత్ర మీద ఎల్ఫులను, అంటే ఇంగ్లీషు కథల్లోని మాయమనుషులను, చల్లాడు, ఉగ్గాని మీద పుట్నాల పొడి చల్లినట్టు. ఉగ్గానికి ఆ పొడి అవసరం, అది వేరే సంగతి.

అనంతపురంలో మా మిద్దె మీద ఆట మొదలైంది.

“నువ్వెవరు మామా?”

“రైతును.”

“రైతుగా ఆడేదానికి కుదర్దు మామా. రైతు ఎన్‌పీసీ.”

ఎన్‌పీసీ అంటే ఎవరూ ఆడని పాత్ర. దారి అడిగితే చూపిస్తుంది, శిస్తు అడిగితే కడుతుంది, డ్రాగన్ వస్తే చస్తుంది. అది తప్ప ఏమైనా ఎంచుకోమన్నాడు. అలా నేను ఎల్ఫ్ దుబాసీనయ్యాను: మొనదేలిన చెవులు, ఆకర్షణ పదహారు. మా బావకు సగం ఓర్కు (అదే కథల్లోని రాక్షసుడు), సగం పాలెగాడు వచ్చింది. కుంపిణీ తరఫున ఇక్కడికి కలెక్టరుగా వచ్చిన మన్రో దొర పద్దెనిమిదో లెవెల్ మాంత్రికుడు, ఎనభైమంది పాలెగాళ్ళను ఒక్క మంత్రంతో అణిచేస్తాడు. అసలాయనకు పాపం ఆ పనికి పటాలాలూ పింఛన్లూ కావాల్సొచ్చాయి.

మా దండయాత్ర గండికోట మీదికి. పెన్న లోయ పైన ఆ కోటలో రాతి ధాన్యాగారం ఉంది కదా, దాంట్లో డ్రాగన్ దూరిందట. సరిగ్గా అప్పుడే మా అమ్మ చెనక్కాయల చట్నీ గిన్నెతో మిద్దెక్కింది.

“ఏందిరా ఇది, బారకట్టా?”

“కాదవ్వా, డ్రాగన్‌ను చంపుతాండాం.”

“అదేం తింటాది?”

“మనుషుల్ని.”

“గాదె నిండా గింజలు పెట్టుకోని మనుషుల్నెందుకు తింటాదిరా?”

కథ నడిపే గేమ్ మాస్టర్, అంటే మావాడు, నిబంధనల పుస్తకం తిరగేశాడు. నలభై పేజీలు. డ్రాగన్ ఊపిరికి ఎంతమంది కాలుతారో ఉంది, మా అమ్మ ప్రశ్నకు జవాబు లేదు. “ఊరికే వెయ్యవ్వా” అని పాచిక చేతిలో పెట్టాడు. వేసింది. అది దొర్లుకుంటూ పోయి చట్నీలో పడింది. పైకి తేలిన ముఖం ఇరవై! చట్నీలో పడ్డ ఇరవై చెల్లుతుందా చెల్లదా అని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ముగ్గురు పావుగంట వాదించుకున్నారు. మా అమ్మ ఈలోగా పటం మీదికి వంగి చూస్తోంది. సారాయి అంగళ్ళు నాలుగు, గుహలు మూడు, మాయల అడవి ఒకటి.

“చెరువు యాడుండాదిరా దీంట్లో?”

లేదు. చెరువు కట్ట పక్కన పుట్టిన ఊళ్ళో కూర్చుని, సీమ పటం గీసి, ఒక్క చెరువు పెట్టలేదు. బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ముసలమ్మ గండిలోకి దిగి ఊరిని కాపాడిందన్న కథ వాడికి చిన్నప్పుడు అన్నం పెడుతూ చెప్పింది ఈమే. “అట్లయితే నేనాడను” అని గిన్నె తీసుకుని దిగిపోయింది.

ఫ్యాంటసీ కావాలంటే అడిగి ఉండొచ్చు కదప్పా! మంత్రాలయం మఠం మాన్యం సంగతి తేల్చడానికి పోయిన మన్రోకు, 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి కనబడి మాట్లాడి మంత్రాక్షతలిచ్చాడంటారు. కడప జిల్లా గండి క్షేత్రంలో పాపఘ్ని నది పైన కొండకూ కొండకూ కట్టిన బంగారు తోరణం ఉందట, చావు దగ్గరపడిన వాళ్ళకే కనిపిస్తుందట. అదీ మన్రోకు కనబడిందంటారు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు మనవాళ్ళు. ఒక రెవెన్యూ అధికారికి ఇన్ని మహిమలు అంటగట్టిన సీమకు చెవులు మొనదేలిన వాళ్ళను దిగుమతి చేశాడు మావాడు. పైగా ఆ మన్రో పొలం పొలం కొలిపించి, ఫలానా రైతు ఇంత కట్టాలని ఎవరి లెక్క వాళ్ళ పేరున రాయించిన మనిషి. శిస్తు గుంజడానికైనా ఆయన చిట్టాలో రైతుకు పేరుండేది.

మూడో గంటలో మా బావకు ఒక చీటీ వచ్చింది. ‘కరువు. రెండు టర్నులు బలం మైనస్ 2.’ పక్కన ముద్దొచ్చే పుర్రె బొమ్మ.

అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. ధాత కరువురా అది, 1876-78 నాటిది. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు మనుషులు లేరు. కరువు పనుల దగ్గర మగవాడికి రోజుకు ఒక పౌను గింజల విలువా పైన ఒక అణా కూలి చాలని, కరువు చూసిరమ్మని సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో తేల్చాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. అది తిని దినమంతా రాళ్ళు కొట్టాలి. టెంపుల్ దగ్గరా ఇట్లాంటి పట్టికలే ఉన్నాయి, మనిషికి ఎంత తగ్గిస్తే ఎంత మిగులుతుందని. ఆయనకూ రైతు ఎన్‌పీసీనే. నీకు వాళ్ళు ఎవరు? మీ అవ్వ ముత్తాతలు ఏ గంజి తొట్టి దగ్గర వరసలో నిలబడితే నువ్వీ మిద్దె మీద కూర్చుని పాచికలు వేస్తున్నావు? డ్రాగన్‌కేమో మూడు పేజీలు, దాని తాతల పేర్లతో సహా! చచ్చినవాళ్ళకు మైనస్ రెండా?

చీటీ చించేశాను. పండగపూట చెయ్యాల్సిన పని కాదు, తెలుసు. మా బావ “ఇప్పుడు నా బలం తగ్గినట్టా, తగ్గనట్టా?” అని అడిగాడు. ఎవరూ పలకలేదు.

పోయిన వారం బెంగళూరు నుంచి వాట్సాప్ వచ్చింది. “సారీ మామా. కొత్త వెర్షన్‌లో చెరువు పెట్టినా. రైతులకు కూడా పేర్లు పెట్టినా, చూడు.” కింద జాబితా. రైతు 1, రైతు 2, రైతు 3... నలభై దాకా ఉన్నాయి.