సంతకం పెట్టడానికి ఎందుకింత జంకు?

కెనడాలోని మన తెలుగు సంఘం పత్రిక గత సంచికలో మన ఉగాది సంబరాల ఫొటోలు అచ్చయ్యాయి. పచ్చడి పంచుతున్న వాలంటీర్ల ఫొటోలో కుడివైపు చివర ఒక అమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంటుంది; ఆమె పక్కనే గళ్ళ చొక్కా చెయ్యి ఒకటి, మోచేతి వరకే, స్టీలు గరిటె పట్టుకుని కనబడుతుంది. ఆ చెయ్యి ఎవరిదో అక్కడికి వచ్చినవాళ్ళందరికీ తెలుసు. పొద్దున్నే వచ్చి మామిడికాయలు తరిగి, బెల్లం కరిగించి, కార్యక్రమం అయ్యాక కుర్చీలన్నీ మడిచి పెట్టి మరీ వెళ్ళిన కుర్రవాడిది. ఫొటోను అక్కడ కత్తిరించడం పొరపాటున జరగలేదు. "వాళ్ళకింకా పెళ్ళి కాలేదు కదండీ, మన పత్రిక పీడీఎఫ్ వాట్సాప్‌లో ఊళ్ళదాకా పోతుంది, అమ్మాయి తరఫువాళ్ళు చూస్తే బాగుండదు" అని కమిటీ సభ్యులొకరు నాతో నింపాదిగా చెప్పారు. ఉద్దేశం మంచిదే అయి ఉండవచ్చు. అయితే ఆ రోజు టిక్కెట్ల బల్ల దగ్గర కూడా ఆ ఇద్దరికీ ఫ్యామిలీ టిక్కెట్టు ఇవ్వలేదు; రెండు సింగిల్ టిక్కెట్లు కొనుక్కుని లోపలికి వచ్చి, మనందరికీ పచ్చడి పంచారు.

ఆ ఫొటో వాళ్ళకు చాలా అవసరమైన ఫొటో అని సంపాదక వర్గానికి తెలియకపోవచ్చు. అమ్మాయికి పీఆర్, అంటే ఇక్కడ శాశ్వత నివాస హక్కు, ఉంది. అబ్బాయి కాలేజీ తరువాత వచ్చిన వర్క్ పర్మిట్ మీద ఉన్నాడు, దాని గడువు దగ్గర పడుతోంది. ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నారు కనుక అమ్మాయి అతనికీ పీఆర్ వచ్చేలా, అతణ్ణి కామన్ లా (పెళ్ళి కాకపోయినా దంపతుల్లా కలిసి ఉండే) పార్ట్‌నర్‌గా స్పాన్సర్ చేస్తోంది. కెనడా ఇమిగ్రేషన్ చట్టం దీనికి పెళ్ళి సర్టిఫికెట్ అడగదు. కనీసం 12 నెలలు ఎడతెగకుండా దాంపత్య బంధంలో కలిసి జీవించి ఉండాలని అంటుంది. ఉద్యోగం పని మీదో, తల్లికి ఒంట్లో బాగాలేదనో కొద్దిరోజులు దూరంగా ఉంటే ఇబ్బంది లేదు. సర్టిఫికెట్ అడగని ఆ చట్టం దాని బదులు కలిసి బతికిన గుర్తులన్నీ చూపించమంటుంది. ఇద్దరి పేర్లతో అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఒకే చిరునామాకు వచ్చిన హైడ్రో (కరెంటు) బిల్లులు, డ్రైవింగ్ లైసెన్సులు, ఇన్సూరెన్సులో నామినీ పేరు, నోటరీ ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టే ఐఎంఎం 5409 ఫారం, వీటన్నిటితో పాటు, చుట్టుపక్కల మనుషులు వాళ్ళను జంటగా గుర్తిస్తున్నారన్న ఆధారం. ఈ చివరిది ఏ బ్యాంకూ ఇవ్వదు. మనమే ఇవ్వాలి.

నేను చాలా ఏళ్ళుగా మనవాళ్ళకు ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లు చేసిపెడుతున్నాను. ఏప్రిల్ నెలలో మా డైనింగ్ టేబుల్ మీద టీ4 (జీతం వివరాల) కాగితాలు కుప్పలుగా పడి ఉంటాయి. మధ్యాహ్నం ఒక అమ్మాయి వస్తుంది, సాయంత్రం ఒక అబ్బాయి వస్తాడు; చిరునామా ఒకటే, యూనిట్ నంబరూ ఒకటే, రిటర్న్‌లో మాత్రం ఇద్దరూ 'సింగిల్'. నేను కళ్ళద్దాలు పైకి తోసి చూస్తే, "రూమ్‌మేట్స్ ఆంటీ" అంటారు. మొహమాటం కొద్దీ రెట్టించి అడగని టాక్స్ వాళ్ళు చాలామంది ఉన్నారు, నేను అడుగుతాను. ఎందుకంటే దాంపత్యంగా కలిసి ఉండి 12 నెలలు నిండితే పన్నులు వసూలు చేసే కెనడా రెవెన్యూ ఏజెన్సీ దృష్టిలో వాళ్ళు కామన్ లా జంట అయినట్టే, ఆ మార్పును మరుసటి నెలాఖరులోగా తెలియజేయాలి. చెప్పకుండా ఎవరికి వారు తీసుకున్న, తక్కువ ఆదాయం వాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే జీఎస్టీ క్రెడిట్‌ను తరువాత వెనక్కి కట్టవలసి వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, స్పాన్సర్‌షిప్ దరఖాస్తులో ఫలానా తేదీ నుంచి దంపతుల్లా ఉన్నామని రాసుకుని, అదే కాలానికి 'సింగిల్' అని ఉన్న, పన్ను శాఖ పంపిన నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ జత చేస్తే, ఆఫీసరు రెండింటిలో ఏది నమ్మాలి? ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో నైపుణ్యం మీద ఒంటరిగా పీఆర్ తెచ్చుకున్నవాళ్ళకు ఇంకా జాగ్రత్త కావాలి. పీఆర్ వచ్చేనాటికే కామన్ లా అయి ఉండి, ఆ సంగతి చెప్పకుండా దాచినట్టు తేలితే, ఆ భాగస్వామిని కుటుంబ సభ్యుల వర్గమైన ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేసే దారే మూసుకుపోవచ్చు.

ఇంత తెలిసీ పిల్లలు ఎందుకు దాస్తారు? గుంటూరు నుంచి వీడియో కాల్ వస్తే అబ్బాయి ఫోను తీసుకుని బాల్కనీలోకి పోతాడు. అమ్మాయి తల్లి పచ్చళ్ళ పార్సిల్ పంపిస్తానంటే చిరునామా చెప్పాలి కదా అని, స్నేహితురాలి బేస్‌మెంట్ చిరునామా ఇస్తుంది. నెమ్మదిగా బ్యాంకు ఉత్తరాలూ లైసెన్సూ కూడా అక్కడికే చేరతాయి. రెండేళ్ళ కాపురం ఉంటుంది, దానికి కాగితం ముక్క ఒకటి కూడా ఉండదు. ఏ గుర్తులైతే రేపు ఆఫీసరుకు చూపించాలో, వాటినే ఇవాళ మనకు భయపడి ఒక్కొక్కటిగా చెరిపేసుకుంటున్నారు.

నేను చెబుతున్న జంట ఆ స్పాన్సర్ దరఖాస్తు ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చట్టం అడిగినవి చాలావరకు సమకూర్చుకున్నారు. వాట్సాప్ సంభాషణలు నెలకు కొన్ని చొప్పున ఏరి, అచ్చు వేసి, తెలుగులో ఉన్నవాటిని అనువాదం చేయించి పెట్టుకున్నారు. వాటిలో ప్రేమ కబుర్లు ఉంటాయేమోనని నేను మొహమాటంగా పేజీలు తిప్పాను. "వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట తే", "రెంటు కట్టావా", "అన్నం వండాను, పప్పు నువ్వు వెయ్యి", "మందు వేసుకున్నావా", ఇదే వరస. నలభై ఏళ్ళ నా కాపురంలోని మాటలూ ఇంతకంటే గొప్పవేమీ కావు. కుటుంబానికి, స్నేహితులకు ఈ సంబంధం తెలుసా అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టేసింది. "ఆంటీ, మీరు ఒక లెటర్ రాస్తారా? ఇంకో ముగ్గురు పెద్దవాళ్ళను అడిగాను, మా పేరు ఎక్కడా రాకూడదమ్మా అన్నారు" అంది. ఆ ముగ్గురి ఇళ్ళలో వ్రతాలకు ఈ ఇద్దరూ కలిసి వెళ్ళి ప్రసాదం తిన్నవాళ్ళే. ఉత్తరం నేను రాశాను. ఎప్పటి నుంచి తెలుసు, ఏ చిరునామాలో వాళ్ళింట భోజనం చేశాను, చూసినది చూసినట్టు, ఒక పేజీ.

తరువాత ఆ అమ్మాయి ధైర్యం చేసి తెనాలిలో ఉన్న తల్లికి సంగతి చెప్పింది. ఆవిడ నాకు ఫోన్ చేశారు. కాసేపు ఏడ్చి, చివరికి, "వదినగారూ, పోనీ అక్కడే ఎవరికీ తెలియకుండా రిజిస్టర్ పెళ్ళి చేయించెయ్యండి, ఆ ఫైలేదో అయిపోతుంది. మంచి ముహూర్తం చూసి డిసెంబరులో ఇక్కడ ఘనంగా చేస్తాం" అన్నారు. ఆవిణ్ణి తప్పుపట్టను, మనలో సగం ఇళ్ళలో ఇదే సలహా వినబడుతుంది. కానీ ఇందులోని తమాషా చూడండి. వీసా కోసం గుట్టుగా పెట్టే సంతకం మనకు పరువు తక్కువ కాదు, నిజంగా నడుస్తున్న కాపురాన్ని నిజమని చెప్పడం మాత్రం పరువు తక్కువ. బంధువులెవరూ లేకుండా హడావిడిగా జరిగిన పెళ్ళిని చూసి ఇమిగ్రేషన్ ఆఫీసర్లు మన ఆచారాలు తెలిసే అనుమానిస్తారు. భారత సుప్రీంకోర్టు సైతం 2024లో, హిందూ వివాహానికి తగిన క్రతువు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే అది వివాహం అనిపించుకోదని చెబుతూ, వీసాల కోసం ముందుగా రిజిస్టర్ చేయించుకునే ఈ అలవాటును ప్రస్తావించి మరీ మందలించింది.

పెద్దల వైపు న్యాయం లేదని నేను అనను. కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో పెళ్ళయిన జంట విడిపోతే కాపురంలో పెరిగిన ఆస్తి విలువను సమంగా పంచే చట్టం ఉంది. కామన్ లా జంటకు ఆ రక్ష లేదు. భరణం అడగాలన్నా మూడేళ్ళు కలిసి ఉండి ఉండాలి, లేదా బిడ్డ ఉండాలి. కూతురికి ఏ ఆధారం ఉంటుందని తల్లి అడిగితే, అది పాతకాలపు ఛాదస్తం అనడానికి వీల్లేదు. ఇక స్పాన్సర్ చేసేవాళ్ళు మూడేళ్ళ పాటు అవతలి మనిషి కనీసావసరాలకు పూచీ పడతారు. మధ్యలో విడిపోయినా ఆ పూచీ తప్పదు. అలా వచ్చిన మనిషి మళ్ళీ ఇంకొకరిని జీవిత భాగస్వామిగా స్పాన్సర్ చేయాలంటే ఐదేళ్ళు ఆగాలి. డబ్బు పుచ్చుకుని జంటగా నటించేవాళ్ళూ లేకపోలేదు. 2012లో అప్పటి ప్రభుత్వం ఆ నటులను పట్టుకోవాలనే, కొత్తగా కలిసిన జంటల్లో స్పాన్సర్ అయినవాళ్ళు రెండేళ్ళు కలిసి ఉండకపోతే పీఆర్ పోతుందని షరతు పెట్టింది. చివరికి దాని కింద నలిగింది దెబ్బలు తింటూ కూడా ఇల్లు దాటలేకపోయిన ఆడవాళ్ళు. 2017లో ఆ షరతు తీసేశారు. కాబట్టి ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఉత్తరాలు రాయమని నేను అడగడం లేదు.

అసలు మనవాళ్ళకు ఈ పద్ధతి కొత్తదా? మా బాబాయిది దండల పెళ్ళి. కృష్ణా జిల్లాలో మా ఊరి బడి ఆవరణలో బల్ల మీద నిలబడి, పార్టీ పెద్ద మాట్లాడిన తరువాత ఒకరికొకరు దండలు వేసుకున్నారు. తాళి లేదు, పురోహితుడు లేడు, రిజిస్ట్రేషన్ అన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మా నాయనమ్మ ఆరు నెలలు ముఖం ముడుచుకుని, ఆ తరువాత కోడలికి పురుడు పోసింది. బాబాయి పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం పిన్ని కాగితాలు పట్టుకుని తిరిగినప్పుడు, పెళ్ళికి రుజువేమిటని ఆఫీసులో అడిగారు. పక్కింటి రైతు, కిరాణా కొట్టాయన, పెళ్ళంటే పందిరే అని వాదించే మా గుడి పూజారి, ముగ్గురూ మండల కార్యాలయానికి వెళ్ళి, ఈవిడ ఆయన భార్యేనని, ఇన్నేళ్ళూ మా కళ్ళ ముందు కాపురం చేశారని చెప్పి సంతకాలు పెట్టి వచ్చారు. చాలాకాలం భార్యాభర్తలుగా మెలిగిన జంటకు పెళ్ళి జరిగినట్టే భావించాలని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. ఆ ముగ్గురికీ ఆ తీర్పు సంగతి తెలియదు, పిన్ని సంగతి తెలుసు. పూజారిగారికి ఆ పెళ్ళి నచ్చలేదు, ఏనాడూ నచ్చలేదు. అయినా వెళ్ళారు.

మన సంఘం పెద్దలను నేను కోరేది కూడా అంతమాత్రమే. పెళ్ళి చేసుకోమని పిల్లలకు చెప్పండి, కావాలంటే ప్రతి పండక్కీ చెప్పండి. కానీ ఏళ్ళ తరబడి కళ్ళారా చూసిన జంట ఉత్తరం అడిగితే, మీరు చూసినంత మేరకు నిజం రాసి సంతకం పెట్టండి. వాళ్ళ బతుకుతెరువు ఆ కాగితం మీద ఉంది. పత్రికలో ఫొటో వేయడానికి ఇష్టమేనా అని వాళ్ళనే అడగండి, వద్దంటే అసలు వేయకండి, వేస్తే మనిషిని మనిషిగా వేయండి. సభ్యత్వ ఫారంలో 'భర్త/భార్య' అన్న గడి పక్కన 'కామన్ లా భాగస్వామి' అన్న మాట చేర్చడానికి నియమావళిలో ఒక్క వాక్యం మారిస్తే సరిపోతుంది, అప్పుడు టిక్కెట్ల బల్ల దగ్గర కూర్చున్న వాలంటీరు ఎవరి మెడలో ఏముందో చూడవలసిన పని ఉండదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ సవరణను నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరచడానికి ఇంకొక సభ్యులు కావాలి. సమావేశానికి ముందే నాకు ఫోన్ చేయగలరు.