పొత్తం ఒప్పు, చేత్తాను తప్పా?

కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉండే లంక ఊళ్లలో ఏ బడికైనా వెళ్లి, నిన్న ఎందుకు రాలేదని ఓ పిల్లాణ్ని అడిగి చూడండి. ‘మా నాన్న దింపుకెల్లాడండి, దూడని నేను సూసుకున్నానండి’ అంటాడు. కొబ్బరి దింపు కూలికి వెళ్లిన తండ్రి, ఇంట్లో పని మీద పడ్డ పిల్లాడు, పోయిన ఒక రోజు చదువు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మాస్టారికి మాత్రం ‘సూసుకున్నాను’ ఒక్కటే వినపడుతుంది. ‘చూసుకున్నాను అనాల్రా’ అంటారు, క్లాసు గొల్లుమంటుంది. మర్నాటి నుంచి వాడు ఏది అడిగినా తల ఊపుతాడు తప్ప నోరు విప్పడు.

‘చేస్తాను’ని ‘చేత్తాను’ అనడం నోరు తిరక్క కాదు. స, త పక్కపక్కన వస్తే రెండూ కలిసి ‘త్త’ అవుతాయి. వస్తాను వత్తాను, తెస్తాను తెత్తాను, చూస్తాను సూత్తాను. క్రియాపదాల్లో ఈ లెక్క తప్పదు. ప్రకృతి-వికృతుల పాఠంలో పుస్తకానికి వికృతి పొత్తం అని మనమే బట్టీ పట్టిస్తాం కదా, అక్కడ జరిగిందీ ఇదే. పొత్తం రాస్తే మార్కు, చేత్తాను అంటే మొట్టికాయ!

ఇంకో విడ్డూరం ఉంది. ఇవాళ పుస్తకాల్లో, పత్రికల్లో రాసే ప్రామాణిక తెలుగుకి ఆధారం కృష్ణా, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ల మాట. మీ తెలుగు తెలుగు కాదని తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర పిల్లలకి చెప్పింది ఈ డెల్టా పేరు మీదే. వాళ్ల కోపం న్యాయమైనదే. అయితే డెల్టాలో అందరి మాటా ఆ గద్దె ఎక్కలేదు. ఏటిగట్టు మీది పేటలో, లంకలో, రేవులో మాట్లాడేది బయటే ఉండిపోయింది. ఒకే ఊరు, ఒకే కాలువ నీళ్లు, కానీ ఒక వీధి మాట భాష అయింది, పక్క పేట మాట యాస అయింది. ఇందులో కులం పాలెంతో, కూలి పాలెంతో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు.

పదాల సంగతీ అంతే. మన చేలల్లో పండేవి సార్వా, దాళ్వా. పరీక్షలో ఖరీఫ్, రబీ అని రాయాలి. ఆ రెండూ అరబ్బీ మాటలు. అన్నట్టు, గోదావరిని ‘గోదారి’ అనని మాస్టారు ఈ రెండు గట్ల మీదా ఎవరైనా ఉన్నారా?

రేపు ఇంటర్వ్యూలో నవ్వుతారేమోనన్న టెన్షన్ తల్లిదండ్రులకి ఉంది. దాన్ని తీసిపారేయలేం. ప్రామాణిక భాష పిల్లలకి రావాల్సిందే. ‘ఇంట్లో చేత్తాను అంటాం, కాగితం మీద చేస్తాను అని రాస్తాం’ అని చెప్పడానికి అర నిమిషం పట్టదు. ‘త్త’ ఎక్కడ ‘స్త’ అవుతుందో ఒక్కసారి పట్టుకున్న పిల్లాడు వంద మాటలు తనే దిద్దుకుంటాడు. సైన్సు జవాబులో యాసకి మార్కు కోయడం మాత్రం ఏ లెక్కనా కుదరదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. మాట తీరుని పట్టుకుని నలుగురిలో నవ్వులపాలు చేయడం వేధింపు కాక మరేమిటి?

మా పత్రికల తప్పూ ఉంది. లంక రైతు ‘వరదొత్తే ఏం సేత్తామండి’ అంటే మా డెస్కు దాన్ని ‘వరద వస్తే ఏం చేస్తామండి’ అని దిద్ది అచ్చేస్తుంది. కార్టూన్‌లో, సరదా శీర్షికలో అయితే అదే యాసని ముచ్చటగా వాడుకుంటుంది. కన్నీళ్లకి ఒక భాష, నవ్వులకి ఒకటి!

ఆగస్టు 29 వస్తోంది. వాడుక భాష కోసం పోరాడి, సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి జయంతి. 1936లో, ఒడిశాలో కలిసిన పర్లాకిమిడి వదిలి ఆయన వచ్చింది మన రాజమండ్రికే. ఆయన మీద వక్తృత్వ పోటీలు పెట్టి, పెద్దవాళ్లు రాసిచ్చిన ప్రసంగం అప్పజెప్పించి, ఉచ్చారణకి మార్కులు వేస్తుంటాం. ఈసారి ఒక్క పోటీ వేరేగా పెట్టండి. చెట్టెక్కడం, గెల కోయడం, కాయ వలవడం గురించి ఆ దింపు కూలి కొడుకుని అయిదు నిమిషాలు మాట్లాడనివ్వండి. న్యాయనిర్ణేత కుర్చీలో వాళ్ల నాన్నని కూర్చోబెట్టండి.