వంటల వీడియోలు చూస్తోందంటే ఆకలి తిరిగొచ్చినట్టు కాదు

అనొరెక్సియా నెర్వోసా, అంటే లావవుతానన్న భయంతో తిండి తగ్గించేసి చిక్కిపోయే మానసిక జబ్బు, ఉన్న అమ్మాయి ఇంటిల్లిపాదినీ అయోమయంలో పడేస్తుంది. పొద్దస్తమానం ఫోన్‌లో మండి బిర్యానీ, సర్వపిండి వీడియోలే. సంక్రాంతికి ముందుండి సకినాలు చుడుతుంది, చుట్టాలకు కొసరి కొసరి పెడుతుంది. తన కంచంలో మాత్రం అన్నం అంచుకు నెట్టి, ముద్దను చిదిపి చిదిపి, గంట గడిపి లేస్తుంది. "తిండి మీద అంత ధ్యాస ఉన్నది, ఆకలైతే తనే తింటది" అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పుకుంటారు. నిజానికి ఒంట్లో కరువు ముదిరిందనడానికి ఆ ధ్యాసే గుర్తు.

1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు తిండిని సుమారు సగానికి తగ్గించాడు. వాళ్లకు పగలూ రాత్రీ తిండి ఊసే. కొందరైతే వంటల పుస్తకాలు పోగేశారు. సన్నబడాలన్న కోరిక వాళ్లకు లేదు. పస్తు ఎవరి మెదడునైనా అటే లాగుతుంది.

మరి తిండి బొమ్మ చూసినప్పుడు మెదడులో ఏం జరుగుతుంది? మెదడులో ఏ భాగం ఎప్పుడు పనిచేస్తోందో చూపే ఫంక్షనల్ ఎమ్మారై స్కాన్‌లో పడుకోబెట్టి తిండి బొమ్మలు, వాటి మధ్యలో అవే రంగులున్న మామూలు వస్తువుల బొమ్మలు చూపిస్తారు. రెండింటికీ మెదడు రక్తప్రవాహంలో వచ్చే తేడాను కొలుస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆకలి వేళ రుచిని, తిండి మీది ఆశను చూసుకునే ఇన్సులా, ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు భాగాలు చురుకవుతాయి, తిన్నాక నెమ్మదిస్తాయి. అనొరెక్సియాలో ఈ ఎత్తుపల్లాలు సరిగా ఉండవని, భయానికి సంబంధించిన భాగాలూ స్పందిస్తాయని కొన్ని పరిశోధనలు చూపాయి. అదుపు లేకుండా తినే బింజ్ ఈటింగ్‌లో ఆశను రేపే భాగాలు ఎక్కువగా స్పందించినట్టు కనిపించింది. అయితే ఒక్కో పరిశోధనలో ఉండేది ఇరవై ముప్ఫై మందే, ఫలితాలూ ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. అందుకే ఈ జబ్బు తేల్చడానికి మెదడు స్కాన్ తీయించమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది 2015లో కొలంబియా విశ్వవిద్యాలయం బృందం ప్రచురించిన పరిశోధన. అందులో 21 మంది రోగులు, 21 మంది ఆరోగ్యవంతులు బొమ్మలు చూసి ఏది తింటారో ఎంచుకున్నారు. ఎంచుకునే క్షణంలో రోగుల్లో డార్సల్ స్ట్రయేటమ్ అనే మెదడు లోపలి భాగం ఎక్కువగా పనిచేసింది. అలవాట్లు పాతుకుపోయేది అక్కడే. ఆ భాగానికీ మెదడు ముందు భాగానికీ మధ్య నడిచిన సంకేతాలకు, మరునాడు వాళ్లు నిజంగా తిన్న తిండికి సంబంధం కనిపించింది. అంటే జబ్బు పట్టు బిగించేది "ఏది తిందాం?" అన్న చోటే.

అందుకే "నీకేం కావాలి బిడ్డా?" అని ప్రేమగా అడగడం కూడా ఆమెకు పరీక్షే. ఎవరికి వారు వడ్డించుకునే హాస్టల్ మెస్ ఇంకా కష్టం. హనుమకొండలో కోచింగ్‌కు ఉన్న అమ్మాయి అయితే కొన్నాళ్లు ఇంటికి తెచ్చుకోవడమే నయం. కంచం పెద్దవాళ్లే కలిపి పెట్టాలి. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, మూడు నాలుగు గంటలకు మించి ఎడం ఉండకూడదు. పక్కన కూర్చుని తినాలి, తిండి లెక్కలు తప్ప వేరే మాటలు మాట్లాడాలి. తిన్నాక గంటసేపు ఒంటరిగా వదలొద్దు. వాంతి చేసుకోవాలన్న తొందర పుట్టేది అప్పుడే. తిట్టడం, బతిమాలడం రెండూ పనిచేయవు.

బాగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా దండిగా పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇన్సులిన్ ఎగబాకి రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి, గుండె లయ తప్పుతుంది. నీరసమని ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కించడంలోనూ ఇదే ముప్పు. ముందు రక్తపరీక్షలు, ఈసీజీ, థయామిన్ (బి1 విటమిన్), ఆ తర్వాతే డాక్టరు చెప్పిన మోతాదులో తిండి పెంచాలి. నాడి నిమిషానికి 50 లోపు పడినా, కళ్లు తిరిగి పడిపోయినా వరంగల్‌లోని ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పోవాలి, ఓపీ కోసం మరునాటిదాకా ఆగొద్దు.

అంతదాకా రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా ఉచితం. డాక్టరు దగ్గరికి పోయే ముందు బరువు ఎన్ని నెలల్లో ఎంత తగ్గింది, నెలసరి ఎప్పుడు ఆగింది, వాంతులు, విరేచనాల మాత్రలు ఉన్నాయా అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. గదిలోకి పోయాక ఆ అమ్మాయి "నాకేం లేదు" అనే అంటుంది.