తహసీల్దారు గారి పేరన ఒక పుస్తకం

మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల ఇచ్చిపుచ్చుకోళ్లు ఇప్పుడు యంత్రం చేతిలో ఉన్నాయి. పీట మీద పుస్తకాలు దొంతరగా పెట్టి కార్డు చూపిస్తే చాలు, అట్ట లోపల అంటించిన చిప్పులను రేడియో తరంగాలతో ఒకేసారి చదివేసి రసీదు కక్కుతుంది. పాఠకుడి సమయం ఆదా చేయమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాశారు కదా, ఇన్నాళ్లకు అమలైందని అందరం మురిసిపోయాం.

చిక్కల్లా ఏమిటంటే, దానికి తన పర భేదం లేదు. జానెడు దూరంలో ఏ చిప్పు తగిలినా లెక్కలో వేసేస్తుంది.

ఆ రోజు విశ్రాంత తహసీల్దారు గారు వేదాంత గ్రంథమొకటి పీట మీద పెట్టి కార్డు చూపించారు. పక్కన నిలబడ్డ అమ్మాయి సంచిలో కార్డు వెతుక్కుంటూ, గర్భిణుల సంరక్షణ గురించిన పుస్తకాన్ని పీట అంచున ఆనించింది. యంత్రం రెండింటినీ ఆయన పేరనే రాసేసింది. సర్వీసంతా కాగితాలు చదివి విసిగిపోయారేమో, రసీదును ఆయన చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు. తరువాత ఆ అమ్మాయికి తెర మీద 'ఈ పుస్తకం ఇవ్వబడినది' అని కనిపించింది. సరే, ఇచ్చేసిందనుకుని ఆమె బయలుదేరింది. ఇచ్చినట్టు నమోదైన పుస్తకానికి గుమ్మం దగ్గరి గేటు కూయదు. కూయలేదు.

ఇంట్లో కూసింది. తహసీల్దారు గారి ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు శ్రీమతిది.

"ఏమండీ, ఈ పుస్తకం ఎవరి కోసం?"

"నాకేమీ తెలియదే! అంతా ఆ యంత్రం చేసిన పని."

డెబ్బై దాటిన మనిషి నోట ఆ జవాబు విని ఆవిడ మరేమీ అడగలేదు. అదే ఆయనను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు తలుపులు తీయకముందే గ్రంథాలయం మెట్ల మీద ఉన్నారు. లైబ్రేరియన్ కంప్యూటర్‌లో చూసి, "పుస్తకం మీ దగ్గరే ఉందండీ" అన్నాడు.

"లేదయ్యా!"

"రికార్డులో ఉందండీ. నేనేమి చేయను?"

అడంగల్ కాగితాలు పట్టుకొచ్చిన రైతులకు ఎన్నేళ్లుగానో ఆయన చెప్పిన మాట అది. అందుకేనేమో, ఎదురు వాదించలేకపోయారు. ఆ అమ్మాయి ఎవరో తెలియదు, పేరు ఎక్కడా నమోదు కాలేదు. జరిమానా పడకుండా గడువు పొడిగించుకోవడమే మార్గమని లైబ్రేరియన్ సలహా ఇస్తే, తలూపి మీట నొక్కారు.

ఆయన ఇల్లు చేరేలోగా శ్రీమతి ఫోనుకు రెండో సందేశం వెళ్లింది: 'మీ కోరిక మేరకు గర్భిణుల పుస్తకం గడువు పొడిగించబడినది. ధన్యవాదాలు.'