18 నిండాక వీళ్లంతా ఎటు పోతున్నారు?

మా పెద్దమ్మ కొడుక్కి డౌన్ సిండ్రోమ్. నాకంటే పెద్దవాడు, 40 దాటాయి, గడ్డం కూడా నెరిసింది, అయినా ఊళ్లో అందరూ ఇప్పటికీ "బాబూ" అనే పిలుస్తారు. ప్రేమతోనే పిలుస్తారు, కాదనను. కానీ నాకెందుకో అసలు గొడవంతా ఆ పిలుపులోనే ఉందనిపిస్తుంది. ఆటిజం అన్నా, డౌన్ సిండ్రోమ్ అన్నా, బుద్ధిమాంద్యం అన్నా మన కళ్ల ముందుకొచ్చేది చిన్నపిల్లలే. థెరపీ సెంటర్ బోర్డు మీద పిల్లలే, మార్చి 21న డౌన్ సిండ్రోమ్ డే అని, ఏప్రిల్ 2న ఆటిజం డే అని పేపర్లో వేసే ఫొటోల్లోనూ పిల్లలే. ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారని అడిగేవాళ్లు లేరు.

ఒకప్పుడు అడగాల్సిన పని అంతగా ఉండేది కాదు, ఎందుకంటే చాలామంది పెద్దయ్యేదాకా బతికేవాళ్లే కాదు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన వాళ్లలో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. అమెరికాలోనే 1980ల మొదట్లో వాళ్ల సగటు ఆయుష్షు 25 ఏళ్లు, ఇప్పుడు 60 దాకా వచ్చింది, గుండె ఆపరేషన్లు మామూలైపోవడం అందులో పెద్ద కారణం. మన దగ్గరా 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక డబ్బుల్లేని ఇళ్లలో పిల్లలకి కూడా గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయి. అంటే తల్లిదండ్రుల తర్వాత కూడా ఇంకో ఇరవై ఏళ్లు బతకబోయే మనుషులు మన ఇళ్లలో ఉన్నారు. మన ఏర్పాట్లు మాత్రం ఇంకా పిల్లల దగ్గరే ఆగిపోయాయి.

చూడండి, జిల్లా ఆస్పత్రుల్లో పెట్టిన ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు (ఎదుగుదల లోపాల్ని ముందే గుర్తించి చూసేవి) 18 ఏళ్ల లోపు వాళ్లకి, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రాలు స్కూలు వయసు వాళ్లకి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చిన ఉచిత చదువు హక్కు 6 నుంచి 18 దాకా. ఏవో లోటుపాట్లున్నా అప్పటిదాకా వెళ్లడానికి ఒక చోటు, వారానికి రెండు రోజులైనా చూసే టీచర్ ఉంటారు. 18 నిండిన మర్నాటి నుంచి మంచం, టీవీ, ఫోను. మా అన్నయ్య స్పెషల్ స్కూల్‌కి వెళ్లినన్నాళ్లు తన టిఫిన్ బాక్స్ తనే కడుక్కునేవాడు, బస్సులో కండక్టర్‌తో మాట్లాడేవాడు, మానేసిన రెండేళ్లకి అవన్నీ పోయాయి, మాట కూడా తగ్గింది. దాన్ని సిండ్రోమ్ మీదకి తోసేయడం మనకి సులువు.

ఇంకో విడ్డూరం. ఊరికి బాబే గానీ చట్టానికి 18 నిండగానే మేజర్, కాబట్టి తల్లీతండ్రీ కూడా ఆటోమేటిక్‌గా గార్డియన్లు కారు. ఈ సంగతి చాలామందికి బ్యాంకులో సంతకం దగ్గర ఆగిపోయినప్పుడే తెలుస్తుంది, పెద్దమ్మ వాళ్లకీ అలాగే తెలిసింది. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి), బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్లకి జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. పాతికేళ్లు దాటిన చట్టం ఇది, పెన్షన్ గురించి తెలిసినంతగా దీని గురించి ఎవరికీ తెలీదు.

ఇంట్లో జరిగేది వేరే కథ. పెద్దమ్మ చుట్టాల పెళ్లిళ్లకి వెళ్లడం మానేసి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు, తీసుకెళ్తే అందరూ చూస్తారు, వదిలేసి వెళ్తే ఎవరు చూస్తారు, అంతే. అక్కకి సంబంధాలు వచ్చినప్పుడు పెళ్లిచూపుల రోజు అన్నయ్యని వెనకింట్లో కూర్చోబెట్టారు, నాకు బాగా గుర్తు, పకోడీల ప్లేటు ఇచ్చి నన్నే కాపలా పెట్టారు. ఇది వంశంలో ఉందేమో, మేనరికం వల్లేమో అని అవతలివాళ్లు అడుగుతారని భయం. డౌన్ సిండ్రోమ్‌కి కారణం 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉండటమని 1959లోనే తేలింది, చాలా కేసుల్లో అది వంశపారంపర్యం కాదు, అనుకోకుండా జరిగేది, మేనరికంతో ముడిపెట్టాల్సింది కూడా కాదు. (మేనరికాల వల్ల వచ్చే జబ్బులు వేరే చాలా ఉన్నాయి, ఆ లెక్క వేరు.) ఇంత తెలిశాక కూడా తప్పు తల్లి మీదే పడుతుంది.

ఆడపిల్లయితే భయం రెండింతలు. 1994లో పూణేలో ప్రభుత్వ హాస్టల్లో ఉండే బుద్ధిమాంద్యం ఉన్న ఆడవాళ్లకి గర్భసంచులు తీయించారు, నెలసరి శుభ్రత చూసుకోలేరనేది చెప్పిన కారణం. దేశమంతా గొడవైంది. నెలసరి నేర్పడానికి ఓపిక ఉన్న మనుషుల్ని పెట్టడం కన్నా ఆపరేషన్ తేలిక అనుకున్న ఆలోచన మాత్రం పూణేతోనే పోలేదు, ఇళ్లలో గుసగుసగా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

ఉద్యోగాలంటారా, 2016 చట్టంలో ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో ఒక్క శాతాన్ని ఆటిజం, బుద్ధిమాంద్యం, లెర్నింగ్ డిజేబిలిటీ, మానసిక అనారోగ్యం, ఒకటికి మించిన వైకల్యాలున్నవాళ్లు అందరూ పంచుకోవాలి. పోటీ పరీక్ష రాయలేనివాడికి అందులో దక్కేదేంటో మీరే ఆలోచించండి. అలాగని పని చేయలేరా అంటే అదీ కాదు, కర్ణాటకలో మొదలైన మిట్టి కేఫ్‌లో ఇలాంటి వాళ్లే టీ కాఫీలు ఇస్తున్నారు, 2023లో సుప్రీంకోర్టు ఆవరణలో కూడా ఒకటి పెట్టారు. మన టౌన్లలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పెన్షన్ విషయంలో మన రెండు రాష్ట్రాలూ చాలా చోట్ల కన్నా నయమే, తెలంగాణలో నెలకి 4,016 రూపాయలు, ఆంధ్రలో 2024 నుంచి 6,000, ఆంధ్రలో ఒకటో తారీకు ఊరి సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు. డబ్బు వస్తుంది, మనిషి రాడు. పగలు నాలుగు గంటలు వెళ్లి కూర్చునే డే సెంటర్, తల్లిదండ్రులు పోయాక ఉండటానికి నలుగురైదుగురి చిన్న ఇల్లు, మండలానికొకటి కాకపోయినా డివిజన్‌కొకటి అయినా ఉంటే సగం భయం తీరుతుంది. 18 దాటినవాళ్లకి గ్రూప్ హోమ్ కోసం ఆ చట్టం కింద పెట్టిన కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ దగ్గర ఘరౌందా (ఇప్పుడు సమర్థ్‌తో కలిపేశారు) అనే స్కీమ్ ఉంది, నడిపే సంస్థలు దొరకాలి, రాష్ట్రాలు జాగా ఇవ్వాలి.

ఈలోగా ఇంట్లో 18 నిండినవాళ్లు ఉంటే గార్డియన్‌షిప్‌కి ఇప్పుడే అప్లై చేయండి, తల్లిదండ్రులే కాదు అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు, రిజిస్టర్ అయిన సంస్థలూ పెట్టుకోవచ్చు. వైకల్యం సర్టిఫికెట్ (సదరం లేదా UDID), ఆధార్, వయసు రుజువు తీసుకుని కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లి లోకల్ లెవెల్ కమిటీ ఫైలు ఎవరు చూస్తారని అడగండి. మాకు మూడో సోమవారం చెప్పారు.