ఆ టర్కీ కోళ్ల మెసేజ్ ఇంకెవరికీ పంపకండి, ప్లీజ్

కాలేజీ బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చివరికి గుడి వాలంటీర్ల గ్రూపు కూడా. గ్రూపు మారుతోంది గానీ మెసేజ్ అదే. "అమెరికాలో అడవి టర్కీలు అంతరించిపోతున్నాయి" అని ఎర్రక్షరాలతో మొదలవుతుంది. మిజోరీలో వేట లెక్కలు సగానికి పడిపోయాయట, దానికి వేటగాళ్లే కారణమట, నవంబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి జనం వీటినే కోసుకుని తింటున్నారట. కొయోటీలు (నక్కలాంటి జంతువులు), వైరస్, సెల్ టవర్లు, విత్తనాలకు పూసే మందు కూడా తోడయ్యాయట. 2035 నాటికి ఒక్క పక్షి కూడా మిగలదట. "మీకు కాస్త స్థలం ఉంటే హేచరీలో టర్కీ పిల్లల్ని కొని అడవి అంచున వదలండి, పుణ్యం" అని ముగుస్తుంది. కింద చేతులు జోడించిన బొమ్మలు.

నేను ఉండేది మిజోరీలోనే. పక్షుల పిచ్చి ఉందని అందరికీ తెలుసు. అందుకని ప్రతివాళ్లూ ఇది నాకే పంపి "నిజమేనా?" అంటున్నారు. విడివిడిగా జవాబులిచ్చే ఓపిక అయిపోయింది. అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా.

ముందు తేలిగ్గా పోయేవి. సెల్ టవర్లు: మాసచూసెట్స్‌లో అడవి టర్కీలు 1851 నాటికే పూర్తిగా పోయాయి. అప్పటికి టవర్ల సంగతి అటుంచండి, టెలిఫోనే పుట్టలేదు. 1970ల మొదట్లో న్యూయార్క్ నుంచి 37 పక్షుల్ని తెచ్చి వదిలితే, ఇప్పుడు ఆ రాష్ట్రంలో 30 వేలకు పైనే ఉన్నాయి. బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో రోడ్డుకి అడ్డంగా నిలబడి, పోస్ట్‌మ్యాన్లని తరుముతున్నాయి. సిగ్నల్ ఫుల్లుగా ఉన్న చోటే వాటి రౌడీయిజం ఎక్కువ.

థాంక్స్‌గివింగ్: ఆ రోజు బల్ల మీద ఉండేది ఫారంలో పెరిగిన తెల్ల టర్కీ. అడవి పక్షి మాంసం అమ్మడమే నేరం. మీరు కాస్ట్‌కోలో కొన్నది అడవిలోంచి రాలేదు.

వైరస్: ఎల్‌పీడీవీ అని, టర్కీలకి కణితులు తెచ్చే వైరస్ ఒకటి 2009లో ఇక్కడి అడవి టర్కీల్లో బయటపడింది. వెతికిన చోటల్లా కనిపిస్తోంది కూడా. కానీ అది సోకిన పక్షుల్లో ఎక్కువ భాగం మామూలుగానే తిరుగుతున్నాయి.

2035: ఈ సంవత్సరం ఎక్కడి నుంచి వచ్చిందో రాసినవాళ్లకే తెలియాలి. 1930ల్లో దేశం మొత్తం మీద 2 లక్షల చిల్లర మిగిలిన పక్షి, 2000ల మొదట్లో 60 లక్షలు దాటింది. ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో, మిడ్‌వెస్ట్‌లో తగ్గుతూ వస్తోంది, అది నిజం. తగ్గడం వేరు, అంతరించడం వేరు.

ఇక వేట లెక్కలు. మిజోరీలో కొత్తగా వసంతకాలపు వేట మొదలైంది 1960లో. ఆ ఏడు పడినవి 94 పక్షులు. 2004కి అది 60 వేలు దాటింది. 2021లో సుమారు 34,600. కాబట్టి "సగానికి" అన్న మాట మరీ అబద్ధం కాదు. కానీ 2023లో, 2024లో మళ్లీ 40 వేలు దాటింది, ఆ ముక్క మెసేజ్‌లో లేదు. అసలు వేటలో పడినవి ఎన్ని అన్నదీ, అడవిలో ఉన్నవి ఎన్ని అన్నదీ ఒకటి కాదు. బజారుకి చేపలు తక్కువ వచ్చాయని చెరువు ఎండిపోయిందంటామా? 2020 వసంతంలో చాలా రాష్ట్రాల్లో వేట లెక్క పెరిగింది. అడవిలో పక్షులు పెరిగాయనా? లాక్‌డౌన్‌లో ఆఫీసులు మూసేసరికి తుపాకీ పట్టుకుని అడవిలో కూర్చునే తీరిక జనానికి దొరికింది. జార్జియాలో 2016 నుంచి, కొట్టిన ప్రతి పక్షినీ ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో నమోదు చేయమన్నారు. అంతకుముందు సర్వేలతో అంచనా వేసేవారు. లెక్కపెట్టే పద్ధతే మారాక పాత అంకెనీ కొత్త అంకెనీ పక్కపక్కన పెట్టి "చూశారా ఎంత పడిపోయిందో" అంటే ఏం చెప్తాం?

"వేటగాళ్లే కారణం" అన్నదానికి కాస్త వివరం కావాలి. వసంతంలో కొట్టనిచ్చేది దాదాపు పుంజుల్నే. సంఖ్య పెరగాలన్నా తరగాలన్నా పెట్టల చేతిలో ఉంది. ఎండాకాలంలో రాష్ట్రాలవాళ్లు చూసేది ఒక పెట్టకి ఎన్ని పిల్లలు మిగిలాయని. సగటున రెండుంటే ఫర్వాలేదంటారు. మిజోరీలో అది ఒకటి చుట్టూ తచ్చాడిన ఏళ్లున్నాయి. అసలు దెబ్బ అక్కడ. పెట్ట చెట్టు మొదట్లో గడ్డి మధ్య నేల మీదే పది పన్నెండు గుడ్లు పెట్టి, నాలుగు వారాలు కదలకుండా కూర్చుంటుంది. రకూన్లు, స్కంకులు, పోసమ్‌ల లాంటి చిన్న జంతువులు, కాకులు, పాములు అన్నిటికీ ఆ గుడ్లే కావాలి. 1980ల చివర్లో బొచ్చు ధరలు పడిపోయాక రకూన్లని పట్టేవాళ్లు తగ్గారు, అవి పెరిగాయి. కొయోటీ పెట్టల్ని పట్టేమాట నిజమే గానీ, గూళ్లు ఖాళీ చేసే ముఠాలో అదొక సభ్యుడు మాత్రమే. పాపం దాని ఒక్కదాని మీదే కేసు పెట్టారు.

పెద్ద పుంజుల్ని సీజన్ మొదట్లోనే కొట్టేస్తే, పెట్టలు జతకట్టడం ఆలస్యమవుతుందా అన్న చర్చ మాత్రం ఉంది. జార్జియా యూనివర్సిటీలో మైకేల్ చాంబర్లేన్ ఈ మాట గట్టిగా అంటున్నారు. జార్జియా 2022లో ఒక్కొక్కరికి మూడు పక్షుల పరిమితిని రెండుకి తగ్గించి, సీజన్‌ని ఏప్రిల్‌కి జరిపింది. టెనెసీ 2023లో సీజన్‌ని రెండు వారాలు ఆలస్యంగా మొదలుపెట్టింది. అదే టెనెసీలో కొన్ని కౌంటీల్లో ముందే ఇలా జరిపి చూసిన పరిశోధకులకి గూళ్లలో గుడ్లు పిల్లలయ్యే లెక్కలో తేడా ఏమీ కనిపించలేదు. అంటే ఇది ఇంకా తేలని విషయం. మెసేజ్ రాసినాయన మాత్రం తేల్చేశాడు, అదీ మూడు ఆశ్చర్యార్థకాలతో. పైగా "వేట మొత్తం ఆపేయండి" అట. ఈ పక్షిని తిరిగి తెచ్చిన డబ్బులో పెద్ద భాగం వేట లైసెన్సుల నుంచీ, 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే పన్ను నుంచీ వచ్చిందే.

ఒక్కదాన్ని మాత్రం నేను కొట్టిపారేయను: విత్తనాల మందు. దీన్ని కూడా టవర్ల గాటన కట్టేద్దామనే కూర్చున్నా. కుదర్లేదు. ఇక్కడ వేసే మొక్కజొన్న విత్తనం దాదాపు అంతా నియోనికోటినాయిడ్ అనే మందు పట్టించిందే. విత్తేటప్పుడు ఒలికిన గింజల్ని టర్కీలు ఏరుకు తింటాయి. కెనడాలోని ఆంటారియోలో పరీక్షించిన కొన్ని టర్కీల కాలేయాల్లో ఆ మందు ఆనవాళ్లు దొరికాయి. పైగా అది పురుగుల మందు. మొదటి వారాల్లో టర్కీ పిల్లల తిండే పురుగులు. ఇదే కారణమని ఎవరూ రుజువు చేయలేదు, కాదని నేనూ అనలేను. మెసేజ్‌లో చెప్పిన కారణాల్లో అన్నిటికన్నా చివర, ఒకే ఒక్క ముక్కలో ఇరికించిన ఈ పాయింటే కాస్త పనికొచ్చేది.

ఇప్పుడు ఆ పుణ్యకార్యం. ఇది రాయాల్సి వచ్చిందే దీని కోసం. మనవాళ్లలో చాలామంది ఊరి బయట ఐదెకరాలో పదెకరాలో కొన్నారు. ఫీడ్ స్టోర్‌లో పిల్లలు దొరుకుతాయి, పిల్లలకి సరదా, రీల్ కూడా వస్తుంది. ఇద్దరు ముగ్గురు నన్ను రేట్లు కూడా అడిగారు.

అన్నలారా, అక్కలారా, ఈ పని మీకంటే ముందు ప్రభుత్వాలే చేశాయి. మిజోరీ 1925 నుంచి 1943 వరకు ఫారంలో పెంచిన టర్కీల్ని సుమారు 14 వేలు అడవుల్లో వదిలింది. నిలబడలేదు. తర్వాత పద్ధతి మార్చారు. అడవిలోనే మొక్కజొన్న గింజలు చల్లి, పక్కన మడిచిన వల దాచి, పక్షులు తలలు దించి గింజల మీద పడ్డాక చిన్న ఫిరంగులతో ఆ వలని వాటి మీదికి పేల్చేవారు. పట్టుకున్నవాటిని పెట్టెల్లో పెట్టి, టర్కీలు లేని కౌంటీలకి లారీలో తీసుకెళ్లి తలుపు తెరిచేవారు. 1954 నుంచి 1979 వరకు అలా వదిలినవి 2,600 చిల్లర. ఈరోజు మిజోరీలో మీకు కనిపించే టర్కీలు చాలావరకు ఆ అడవి పక్షుల సంతానమే, ఆ 14 వేలవి కావు.

ఎందుకంటే అడవిలో పుట్టిన పిల్ల మొదటి రోజు నుంచే తల్లిని వింటుంది. డేగ నీడ పడగానే తల్లి ఒక్క చిన్న కూత వేస్తుంది, గడ్డిలో పిల్లలన్నీ ఉన్నచోటే బిగుసుకుపోతాయి. రెండు వారాల వరకు ఎగరలేవు కాబట్టి వాటికున్న రక్షణ అదొక్కటే. హేచరీ ట్రేలో, బల్బు వెలుగులో పెరిగినదానికి ఆ కూత ఎవరు నేర్పుతారు? మనిషి కనిపిస్తే గింజలేస్తాడని ఎదురొస్తుంది. మీరు వదిలింది పక్షుల్ని కాదు, రకూన్లకి డిన్నర్.

అవి చావడంతో పోతే మీ డబ్బు మటుకే నష్టం. కొన్ని బతికితేనే అసలు టెన్షన్. బ్లాక్‌హెడ్ అని ఒక జబ్బుంది. కోళ్లకి వస్తే పెద్దగా తెలీదు, టర్కీలకి వస్తే లివర్ పాడై చస్తాయి. ఆ జబ్బు క్రిమి, కోళ్ల పేగుల్లో ఉండే ఒక పురుగు పెట్టే గుడ్లలో దాక్కుని, రెట్టతో పాటు నేలలో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. నాటుకోళ్ల షెడ్డు పక్కన పెంచిన పిల్లల్ని మీరు అడవి అంచున వదిలితే, ఆ జబ్బుని హోమ్ డెలివరీ చేసినట్టే. అందుకే చాలా రాష్ట్రాల్లో ఇలా వదలడం చట్టవిరుద్ధం. వీసా మీద ఉన్నవాళ్లు వన్యప్రాణి చట్టం కింద టికెట్ తెచ్చుకుని, లాయర్‌కి "వాట్సాప్‌లో పుణ్యమన్నారండీ" అని చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

స్థలం ఉండి నిజంగానే ఏదైనా చేయాలనుంటే, గడ్డి కోత జులై మధ్య దాకా ఆపండి. మే, జూన్‌లలో మోవర్ వస్తుంటే కూడా పొదిగే పెట్ట గుడ్లు వదిలి లేవదు, బ్లేడు కింద పడిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పిల్లలతో పెట్ట కనిపిస్తే రాష్ట్రం వాళ్ల సర్వేలో నమోదు చేయండి. పిల్లలు లేకుండా ఒంటరిగా కనిపించినా చేయండి, ఆ లెక్కా కావాలి. ఇప్పటికే హేచరీ నుంచి పిల్లల్ని కొనేసినవాళ్లుంటే కంగారేం లేదు. షెడ్డులోనే పెంచుకోండి, నవంబర్‌కి వండుకోండి. కంచె మాత్రం దాటనివ్వకండి.